నాలుగు మంచాలు, ఒకటే మందు

మాది కూచిపూడి. ఊరి పేరు చెప్పగానే ఎదుటివాళ్ళు "అయితే మీకు డాన్సొచ్చా?" అని అడుగుతారు. రాదండీ. సాఫ్టువేరు వచ్చు, అది కూడా మా మేనేజరు ఒప్పుకున్న రోజుల్లో మాత్రమే :-)

మా తాత కాలంలో ఊళ్ళో భామాకలాపం తెల్లవార్లూ ఆడేవారట. జనం మేలుకుని చూసి, మర్నాడు బారెడు పొద్దెక్కేదాకా పడుకునేవారట. అదైనా ఏడాదిలో ఏ నాలుగు రాత్రులో. ఇప్పుడు మేం రోజూ మేలుకుంటున్నాం, చూడ్డానికి భామాకలాపం కూడా లేదు. అమెరికా వాళ్ళతో కాలు ఒకటిన్నరకి అయిపోతుంది. కళ్ళు మూసుకుంటే ఆ కాల్లో ఎవడేమన్నాడో మళ్ళీ మొదటినుంచీ వినిపిస్తుంది. లక్ష్మణుడి నిద్ర కూడా తానే తీసుకుని పద్నాలుగేళ్ళు పడుకోవడానికి ఊర్మిళ ఉంది గానీ, నా నిద్ర మోసేవాళ్ళెవరూ దొరకలేదు.

సరే, అసలు విషయానికొస్తాను. మా ఇంట్లో నాలుగు మంచాలు. నాలుగు మంచాల మీదా నిద్ర గొడవే. నాన్నది గురక. అమ్మకి రాత్రయితే కాళ్ళు లాగుతాయి. మామ్మకి గాలి వీస్తే నిద్ర రాదు. నేను సరే సరి. ఇన్నేళ్ళలో మా నలుగురికీ జరిగిన వైద్యం మాత్రం ఒక్కటే. గసగసాలు నూరి పాలలో కలుపుకుని తాగడం, దానికి లొంగకపోతే మెడికల్ షాపులో "నిద్రమాత్ర" అని అడిగి తెచ్చుకోవడం.

మా వృత్తిలో ఒక సామెత లాంటిది ఉంది. కస్టమరు "పనిచెయ్యట్లేదు" అని ఒక్క ముక్క రాసి పంపిస్తాడు. ఏది పనిచెయ్యట్లేదు, ఎప్పట్నుంచి, ఏం చేస్తే ఆగిపోతోంది అని అడక్కుండా ప్రోగ్రాం మొత్తం రీస్టార్టు చేసేవాణ్ణి మేం ఇంజనీరు అనం. "నిద్ర పట్టట్లేదు" అన్నది కూడా అలాంటి ఒక్క ముక్క ఫిర్యాదే. జ్వరం వచ్చిందంటే మలేరియానా, టైఫాయిడా అని రక్తం తీస్తారు. నిద్ర దగ్గరికొచ్చేసరికి మాత్రం డాక్టరూ, ఆయుర్వేదం ఆయనా, పక్కింటి పిన్నీ అందరూ రీస్టార్టు బటనే నొక్కుతున్నారు. ఇదే నా గోల.

ముందు నా సంగతి చెప్తాను. మూడేళ్ళ క్రితం ఓ సహోద్యోగి "పావు మిల్లీగ్రాముది వేసుకో, హాయిగా పడుకుంటావు" అన్నాడు. అదేమిటో తర్వాత తెలిసింది, ఆల్ప్రజోలాం. మెడికల్ షాపు కుర్రాడు చీటీ అడగలేదు. నిజానికి 2014 మార్చి నుంచి ఇది షెడ్యూల్ హెచ్1 లో ఉన్న మందు. డాక్టరు చీటీ ఉండాలి, ఎవరు రాశారో ఎవరు కొన్నారో షాపువాళ్ళు విడిగా ఒక రిజిస్టరులో రాసి మూడేళ్ళు దాచాలి. నా పేరు ఏ రిజిస్టరులోనూ లేదు. మొదటి వారం స్వర్గం. నాలుగో నెలకి పావు చాలక అర అయింది. ఓ రోజు మాత్రలు అయిపోయి మానేస్తే చేతులు వణికాయి, చెమటలు పట్టాయి, ఆ రాత్రి అసలు కన్నే మూతపడలేదు. "చూశావా, మాత్ర లేకపోతే నాకు నిద్రే రాదు" అనుకున్నాను. అదే పొరపాటు. ఆ రాత్రి నాకు నిద్ర రానివ్వనిది పాత జబ్బు కాదు, మందు మానిన దెబ్బ.

ఇది నా ఒక్కడి కథ కాదు. తెలంగాణలో కల్తీ కల్లు గొడవ గుర్తుందా? 2015 లో సర్కారు కల్తీ మీద దాడులు చేస్తే నిజామాబాద్, మహబూబ్‌నగర్ వైపు జనం ఫిట్సుతో, పిచ్చి చూపులతో ఆసుపత్రులకి వచ్చారు. ఆ కల్లులో కలిపేది ఈ ఆల్ప్రజోలాం, డయాజెపాం లాంటివే. వాళ్ళని తాగుబోతులని తిట్టుకున్నాం. నేను అదే మందు స్ట్రిప్పులో కొని మంచినీళ్ళతో మింగాను, నన్ను మాత్రం "పాపం, పని ఒత్తిడి" అన్నారు.

చివరికి ఓ సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్ళాను. ఆయన చేసింది రెండు పనులు. మాత్రని ఒక్కసారిగా ఆపకుండా వారాల తరబడి కొంచెం కొంచెంగా తగ్గించారు (ఇది సొంతంగా చెయ్యకండి, ఫిట్సు రావచ్చు). రెండోది, మంచం ఎక్కే సమయం తగ్గించమన్నారు. నిద్ర రానివాణ్ణి ఇంకా తక్కువ పడుకోమంటారేమిటని నవ్వొచ్చింది. దాని వెనక లెక్క ఇది. నేను ఎనిమిది గంటలు మంచం మీద ఉండి ఐదున్నర గంటలే నిద్రపోతున్నాను. మిగతా రెండున్నర గంటలూ మంచానికీ మెలకువకీ స్నేహం కుదురుతోంది. కాబట్టి మంచం మీద ఐదున్నర గంటలే. పొద్దున లేచే టైము మాత్రం ఆదివారమైనా మారకూడదు. నిద్ర రాకపోతే లేచి వేరే గదిలో కూర్చోవాలి, ఫోను ముట్టుకోకూడదు. నిద్ర గట్టిపడే కొద్దీ పావుగంట చొప్పున పెంచుకుంటూ పోవాలి. దీన్ని నిద్రలేమికి చేసే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ అంటారు. 2016 లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ వాళ్ళు దీర్ఘకాలపు నిద్రలేమికి మాత్రల కన్నా ముందు చెయ్యాల్సింది ఇదేనని తేల్చారు. మొదటి రెండు వారాలూ నరకం, మీటింగుల్లో తూలాను, బండి ముట్టుకోలేదు. ఆరో వారానికి మనిషినయ్యాను. ఇంత పనిచేసే వైద్యం గురించి నాకు అంతకుముందు ఒక్కరూ చెప్పలేదు. దీన్ని స్ట్రిప్పులో పెట్టి అమ్మలేరు కదా మరి.

ఇక నాన్న. నాన్న గురక మా బజారులో ఒక జోకు. "మీ ఇంట్లో రైసుమిల్లు ఆడుతోందిరా" అనేవాళ్ళు. గురక పెట్టి పడుకున్నాడంటే గాఢ నిద్రలో ఉన్నాడని మన నమ్మకం. అమ్మ మాత్రం ఒకసారి అంది, "గురక ఉంటే నాకు బాధ లేదురా, అది మధ్యలో ఆగినప్పుడే భయం. మళ్ళీ మొదలయ్యేదాకా లెక్క పెట్టుకుంటూ ఉంటా." పాతికేళ్ళుగా మా అమ్మ చీకట్లో కూర్చుని లెక్కపెట్టింది జబ్బు లక్షణం. అబ్‌స్ట్రక్టివ్ స్లీప్ ఆప్నియా. నిద్రలో గొంతు వెనక కండరాలు వదులై గాలి దారి మూసుకుపోతుంది. రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంది. మెదడు కంగారుపడి మనిషిని అరక్షణం లేపుతుంది. పొద్దునకి ఆయనకి ఏదీ గుర్తుండదు. బీపీ పెరగడం, పగలంతా కునికిపాట్లు మాత్రం మిగులుతాయి.

సింహాసనం, గ్యాంగ్ లీడర్ సినిమాల పాటలకి ఊగిన తరం మా నాన్నది. ఆ పాటలు కట్టిన బప్పీలహరి 2022 ఫిబ్రవరిలో పోయినప్పుడు వైద్యులు చెప్పిన కారణం ఈ జబ్బే. అది పేపర్లో చదివి కూడా నాన్న "అది బొంబాయి వాళ్ళ జబ్బులే" అన్నాడు. 2023 లో ఎయిమ్స్ పరిశోధకులు వేసిన లెక్క ప్రకారం మన దేశంలో ఇది ఉన్నవాళ్ళు సుమారు పది కోట్లమంది. పదికోట్ల మందీ బొంబాయిలో పట్టరు కదా నాన్నా!

ఆయన ఒప్పుకున్నది మాటల వల్ల కాదు. పోయినేడు పామర్రు నుంచి బండి మీద ఇంటికొస్తూ కునుకు పట్టి కాలవ గట్టు దిగిపోయాడు. తుమ్మచెట్టు అడ్డం పడి ఆగింది. లేకపోతే కాలవలోకే. మోకాలి చిప్ప పగిలింది. అప్పుడు బెజవాడ తీసుకెళ్ళి రాత్రంతా వైర్లు తగిలించి నిద్ర పరీక్ష చేయించాను. గంటకి ముప్పై ఎనిమిదిసార్లు ఊపిరి ఆగడమో, బాగా తగ్గడమో జరుగుతోందని వచ్చింది. అయిదు దాటితే జబ్బు, ముప్పై దాటితే తీవ్రం. అంతకుముందు ఎన్నేళ్ళుగానో బీపీకి మందు మింగుతూనే ఉన్నాడు. "రాత్రి ఎలా పడుకుంటావు?" అని ఆయన్ని ఎవరూ అడగలేదు. పైగా మధ్యలో ఒకరు నిద్రమాత్ర కూడా రాసిచ్చారు. మత్తుమందులూ, మందుకొట్టడమూ గొంతు కండరాలని ఇంకా వదులు చేస్తాయి. ఈ జబ్బుకి నిద్రమాత్ర ఇవ్వడమంటే మూసుకుపోతున్న తలుపుకి గడియ కూడా పెట్టడమే.

దీనికి వైద్యం సీప్యాప్ మిషను. 1981 లో ఆస్ట్రేలియాలో కోలిన్ సల్లివన్ అనే డాక్టరు లోకానికి చెప్పిన పద్ధతి. ముక్కుకి మాస్కు పెట్టి గాలిని కొంచెం ఒత్తిడితో పంపిస్తుంది, గొంతు దారి మూసుకుపోదు. అంతే. నాన్న దాన్ని చూసి "ఐసీయూలో పెట్టారట్రా నన్ను" అని రెండు వారాలు మూలన పడేశాడు. మాస్కు సైజు మార్పించాక అలవాటయింది. లావు తగ్గితే జబ్బూ తగ్గుతుంది. 2024 డిసెంబరులో అమెరికా ఎఫ్డీఏ వాళ్ళు టిర్జెపటైడ్ అనే ఇంజెక్షన్ని స్థూలకాయం ఉన్న ఆప్నియా రోగులకి ఒప్పుకున్నది కూడా అందుకే.

ఈ లోపల చుట్టాలు తెచ్చిన వైద్యాలు చెప్పాలంటే చాంతాడంత. ముక్కు క్లిప్పు, రాగి కడియం, చెవికి పెట్టుకునే రింగు... అన్నిట్లోకీ నాకు నచ్చింది మా గుడి పూజారిగారు చెప్పింది. "రోజూ శంఖం ఊదమనండి." నవ్వాను. తర్వాత నా నవ్వు వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. 2025 ఆగస్టులో జైపూరు వైద్యుల అధ్యయనం ఒకటి వచ్చింది. ముప్పైమంది రోగుల్లో కొందరు వారానికి ఐదురోజులు పావుగంటకి తక్కువ కాకుండా ఆరు నెలలు శంఖం ఊదారు. ఊపిరి ఆగడాలు గంటకి నాలుగైదు తగ్గాయి, పగటి మగతా తగ్గింది. 2006 లో స్విట్జర్లాండు వాళ్ళు ఆస్ట్రేలియా ఆదివాసుల డిడ్జరిడూ వాయింపించి ఇలాంటి ఫలితమే చూశారు. గొంతు కండరాలకి అది కసరత్తు. ఇది ఒప్పుకోవాలి. అయితే లెక్క కూడా చూడాలి. నాన్నకి ముప్పై ఎనిమిది. అందులోంచి ఐదు తీసేస్తే ముప్పై మూడు. ఇంకా తీవ్రమే. కొంచెం ఉన్నవాళ్ళకి శంఖం పనికిరావచ్చు. నాన్నకి శంఖమూ కావాలి, మిషనూ కావాలి. మిషను మానేసి శంఖం పట్టుకుంటే కాలవ గట్టు ఎక్కడికీ పోదు.

మూడో మంచం అమ్మది. పడుకోగానే పిక్కల్లో చీమలు పాకినట్టు, లేచి నడిస్తే తగ్గినట్టు. కాళ్ళకి పాత చీర కట్టుకునేది. బామ్ రాసుకునేది. కాల్షియం బిళ్ళలు డబ్బాలు డబ్బాలు మింగింది. "వయసు" అన్నారు, "మనసులో దిగులు" అన్నారు. దీని పేరు రెస్ట్‌లెస్ లెగ్స్ సిండ్రోమ్. చాలామందిలో దీని వెనక ఉండేది ఒంట్లో ఇనుము తగ్గిపోవడం. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతానికి రక్తహీనత. మరి వాళ్ళలో ఎంతమంది రాత్రిళ్ళు వరండాలో పచార్లు చేస్తున్నారో! అమ్మకి ఫెరిటిన్ పరీక్ష చేయిస్తే అడుగంటి ఉంది. ఐరన్ మాత్రలు, వాటితో పాటు కాఫీ తాగకూడదన్న షరతు, మూడు నెలలు. చీర కట్టుకోవడం మానేసింది. 2025 లో అమెరికా నిద్రవైద్యుల సంఘం కొత్త మార్గదర్శకాలిచ్చింది. అందులోనూ ముందు ఐరన్ చూడమనే ఉంది, ఇన్నాళ్ళూ రాస్తూ వచ్చిన డోపమిన్ మందులని మామూలుగా వాడొద్దంది. అంటే ఇంగ్లీషు వైద్యం తన మాట తనే దిద్దుకుంది. నాకు దాని మీద గౌరవం ఉన్నది అందుకే, తప్పే చెయ్యదని కాదు.

నాలుగో మంచం ఖాళీ. మామ్మ పోయి నాలుగేళ్ళయింది. ఆవిడ పుట్టిల్లు దివిసీమ. 1977 నవంబరు 19 ఉప్పెనలో తమ్ముణ్ణీ, మరదల్నీ, వాళ్ళ ఇద్దరు పిల్లల్నీ పోగొట్టుకుంది. ఆ తర్వాత నలభై ఏళ్ళ పైన, తూర్పుగాలి గట్టిగా వీచిన ప్రతి రాత్రీ మంచం మీద కూర్చునేది. కాస్త కునుకు పడితే నీళ్ళు, నీళ్ళు అని కేకేసి లేచేది. మంత్రం వేయించారు. తాయెత్తు కట్టించారు. చివర్లో మాత్రలూ ఇచ్చారు, దాంతో కేకలు ఆగాయి గానీ పగలంతా మగత. పెద్ద ప్రమాదం చూసినవాళ్ళకి పీడకలలు వస్తాయనీ, ఆ కలని మెలకువలో మార్చి చెప్పించి సాధన చేయించే చికిత్స ఒకటుందనీ నేను చదివేసరికి ఆలస్యమైపోయింది. ఇంట్లో ఎవరికీ తెలియకుండానే సగం వైద్యం చేసింది మా అమ్మ. గాలి వీచిన రాత్రి పక్కన కూర్చుని "మీ తమ్ముడు చిన్నప్పుడేం చేసేవాడత్తయ్యా?" అని అడిగేది. మామ్మ చెప్తూ చెప్తూ నిద్రలోకి జారేది. నేను పక్కగదిలో హెడ్‌ఫోన్సు పెట్టుకుని పరీక్షలకి చదువుకునేవాణ్ణి. అడగాల్సిన వయసులో నేను ఒక్కసారి కూడా అడగలేదు.

నాటువైద్యం అంతా మూఢనమ్మకం అనేవాళ్ళతో నాకు పేచీ ఉంది. చరకసంహిత శరీరాన్ని నిలబెట్టే మూడు ఊతకర్రల్లో నిద్రని ఒకటిగా చెప్పింది. నిద్ర తెప్పించేవాటిలో గేదెపాలు మేలంది, మా జిల్లాలో దానికి కొదవేం లేదు. అరికాళ్ళకి నూనె రాసుకోవడం, గోరువెచ్చటి స్నానం, యోగా, ఇవన్నీ మనిషిని నెమ్మది చేస్తాయి. చేసుకోండి. అశ్వగంధ మీద మనవాళ్ళే చేసిన చిన్న చిన్న ప్రయోగాల్లో కొంచెం మేలు కనిపించింది. లివరు దెబ్బతిన్న కేసులు కూడా బయటపడ్డాయి. గసగసాలు ఇక్కడ పాయసం, గల్ఫుకి సూట్‌కేసులో పెట్టుకెళ్తే జైలు.

అలాగే మూలిక కాబట్టి హాని లేదు అనేవాళ్ళతోనూ పేచీ ఉంది. సర్పగంధ మన మూలికే. పిచ్చికీ నిద్రకీ వందల ఏళ్ళు వాడారు. 1931 లో కలకత్తా వైద్యులు గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ దాని గురించి రాస్తే లోకం కళ్ళు తెరిచింది. 1952 లో అందులోంచి రిజర్పిన్ తీశారు. బీపీ తగ్గింది, దాంతో పాటు కొంతమందిలో దిగులు జబ్బు వచ్చింది. పనిచేసే మందేదైనా తిప్పి కొట్టగలదు. ఏం కలిపారో రాయని పొడి పొట్లం ఇంకా ప్రమాదం. ఒక్క రాత్రిలో నిద్ర పట్టించే "మూలిక" ఎవరైనా ఇస్తే నాకైతే ముందు కల్తీ కల్లే గుర్తొస్తుంది.

ఇంకొక్కటి చెప్పి ఆపేస్తాను. నిద్రలేమి అనగానే పత్రికలన్నీ మా సాఫ్టువేరు వాళ్ళ బొమ్మే వేస్తాయి. మా వైపు ఒకసారి రాత్రిపూట రండి. రొయ్యల చెరువుల మీద ఏరియేటర్లు తిరుగుతుంటాయి. తెల్లవారుజామున నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతుంది కాబట్టి అప్పుడు కరెంటు పోతే లక్షలు పోయినట్టే. గుడిసెలో కాపలా మనిషి రాత్రంతా మేలుకునే ఉంటాడు, పగలు కూలికెళ్తాడు. మన ఒంట్లో ప్రతి కణంలోనూ ఒక గడియారం ఉందని, అదెలా తిరుగుతుందో కనిపెట్టినందుకు 2017 లో ముగ్గురికి నోబెల్ ఇచ్చారు. ఆ గడియారం కాపలాదారు ఒంట్లోనూ ఉంది. ఆయనకి "రోజూ ఒకే టైముకి పడుకో" అని నేనెలా చెప్పను? డ్యూటీ మార్చగలిగేది చెరువు యజమాని. నా విషయంలో కాలు టైము మార్చగలిగేది మా కంపెనీ. ఆ మాట అడక్కుండా మనిషికి మాత్ర, మూలిక, ప్రాణాయామం చెప్పి ఊరుకుంటే సగం జబ్బు అలాగే ఉంటుంది.

నేను డాక్టర్ని కాను. మీకు మందు చెప్పట్లేదు, ప్రశ్నలు చెప్తున్నాను. నిద్ర పట్టట్లేదా, పట్టి తెగుతోందా, పట్టినా అలసట తీరట్లేదా? కాళ్ళా, గొంతా, మనసా, డ్యూటీయా? ఇవి అడక్కుండా మందు ఇచ్చేవాళ్ళు తెల్లకోటు వేసుకున్నా, కాషాయం కట్టుకున్నా నాకు ఒకటే.

మీ ఇంట్లో గురక పెట్టేవాళ్ళుంటే ఈ రాత్రి నవ్వుకోకుండా ఓ పది నిమిషాలు వినండి. మధ్యలో ఆగుతోందేమో చూడండి. ఆగుతుంటే ఫోనులో రికార్డు చేసి డాక్టరుకి వినిపించండి. మా అమ్మ పాతికేళ్ళు వింది, పాపం. అదేమిటని ఆవిణ్ణి అడిగినవాళ్ళే లేరు.